పండిన రాళ్ళు

గొట్టం మూతిని బొటనవేలితో సగం మూసి, నడుం వంచి, ఒక్కొక్క రాయినీ కడుగుతోంది పెద్దకోడలు. దూరం నుంచి చూసినవాళ్ళు ఎవరో ఇల్లాలు వాకిలి కడుక్కుంటోందనుకుంటారు. అది వాకిలి కాదు, ఊరి మురుగునీళ్ళు శుద్ధి చేసే రాళ్ళ తొట్టి. ఛాతీ ఎత్తు సిమెంటు గోడ గుండ్రంగా, లోపల నిండా పిడికిలంత రాళ్ళు, మధ్యలో ఇనుప స్తంభం, దానికి చాచిన చేతుల్లా నాలుగు పైపులు. పైపుల చిల్లుల్లోంచి మురుగునీళ్ళు చిమ్ముతుంటాయి, ఆ చిమ్మే ఊపుకే పైపులు మెల్లగా చుట్టూ తిరుగుతుంటాయి. పైన పడ్డ నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి జారి అడుగు కాలవలోకి వచ్చేసరికి తేటబడతాయి. ఎలా తేటబడతాయో ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఎవరినీ అడగలేదు. అడగడానికేముంది అందులో? రాళ్ళు శుభ్రంగా ఉంటే నీళ్ళు శుభ్రంగా వస్తాయి. చంటిపిల్లనడిగినా చెబుతుంది.

అందుకే మెట్లెక్కి మరీ కడుగుతుంది. పైపు తిరిగి దగ్గరికొస్తే తల వంచుతుంది, అది దాటిపోయాక మళ్ళీ గొట్టం ఎత్తుతుంది. నీళ్ళకి వదలని జిడ్డుకి గట్టి బ్రష్షుంది. ఈగలు ముసిరితే, తేటబడ్డ నీళ్ళు చేరే ఆఖరి తొట్టిలో కలపడానికని ఉంచిన బ్లీచింగ్ పౌడరులోంచి నాలుగు గుప్పెళ్ళు తెచ్చి చల్లుతుంది. అంతగా కడగొద్దని కెమిస్టు మేడమ్ రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ "సరే మేడమ్" అంది. కడగొద్దనే మనిషి మాట ఎవరైనా లెక్కచేస్తారా!

యాభై ఏడేళ్ళ మనిషి. ఎముకకి అంటుకున్న చర్మం, నానీ నానీ తెల్లబడ్డ వేళ్ళు, వెంట్రుక జారకుండా బిగించిన ముడి. రోజంతా మురుగు పక్కనే మసలినా బట్టల మీద మరక పడనివ్వదు. మధ్యాహ్నం ఇక్కడ ముద్ద దిగదు కాబట్టి, ఈ శుద్ధి కేంద్రం వెనక క్వార్టర్సుకి వెళ్ళి, స్నానం చేసి, తిని, గిన్నె తోమి బోర్లించి మరీ వస్తుంది. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో నేల మీద తన మొహం తనకి కనిపిస్తుంది. ఇంకెవరి మొహమూ కనిపించదు.

ఇవాళ కూడా ఉన్నాయి ఆ రాళ్ళు. ఉత్తరం వైపు గోడ పక్కన, ఎండలో మెరుస్తున్న రాళ్ళ మధ్య నాలుగే నాలుగు నల్లగా, జిగురు పట్టి, వేలు పెడితే జారిపోయేలా ఉన్నాయి. ఒకదాన్ని తిరగేస్తే కింద సన్నటి ఎర్ర పురుగు మెలికలు తిరిగింది. ఏళ్ళ తరబడి వారం వారం ఇదే వరస. తను తిండికెళ్ళి వచ్చేలోపు ఎవరో తెచ్చి వేస్తున్నారు. పైన నాలుగు కనబడితే కింద ఇంకెన్ని దూర్చారో!

ఎవరో ఏమిటి? ఒకటో నంబరు.

ఒకటో నంబరంటే పక్క తొట్టి చూసే మనిషి, ఈవిడకి స్వయానా తోటికోడలు. కేంద్రంలో ఎవరూ పేర్లు పిలవరు, తొట్టి నంబరు పెట్టి పిలుస్తారు. అంచేత చిన్నకోడలు ఒకటో నంబరు, పెద్దకోడలు రెండో నంబరు. ఎంత అన్యాయమో చూడండి. ఉద్యోగం ఇచ్చిన రోజున ఇద్దరూ కలిసే వచ్చారు. లోపలికి పిలిచే సమయానికి పెద్దావిడ కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. చిన్నది బురద కాళ్ళతోనే లోపలికెళ్ళి ఒకటో తొట్టి పుచ్చుకుంది. ఆ కడుక్కున్న కాళ్ళకి ఇరవై రెండేళ్ళ శిక్ష.

నంబరొక్కటే అయితే సర్దుకుపోయేది. ఇంట్లో మాత్రం తక్కువ జరిగిందా? రెండేళ్ళు వెనక కాపురానికొచ్చి, ఆరేళ్ళలో ముగ్గుర్ని కంది చిన్నది. పగిలిన డబ్బాలో ఏదో కొమ్మ గుచ్చి పారేస్తే అది కిటికీ దాకా అల్లుకుంది. పెద్దావిడ కొత్త కుండీ కొని, మంచి మొక్క తెచ్చి పెడితే పదిరోజుల్లో మాడిపోయింది. "వదిన మట్టిని కూడా కడిగేసుంటుంది" అని మరిది గోడవతల నవ్విన మాట ఈవిడ చెవిన పడనే పడింది. చిన్నదాని పిల్లలు మొదట్లో "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటూ వచ్చేవాళ్ళు. గుమ్మంలోనే ఆపి కాళ్ళు కడుక్కోమనేది, చేతులు చూపించమనేది. క్రమంగా రావడం మానేశారు. అది కూడా వాళ్ళమ్మ నేర్పించిందనే ఈవిడ నమ్మకం.

ఇంత మురుగు పారే చోట కుళ్ళుకేం కొదవ అంటారా? ఆ ఆవరణలో ఏ రాయీ కడగలేని కుళ్ళు ఒక్కటే ఉండేది, అది పెద్దకోడలి కడుపులో ఉండేది.

అన్నిటికన్నా ఎక్కువ మంట సీసాల దగ్గర. కెమిస్టు మేడమ్ వారానికోసారి రెండు తొట్ల కాలవల్లోంచి రెండు సీసాల నీళ్ళు పట్టి కిటికీ గట్టు మీద పక్కపక్కన పెడుతుంది. వెనక ఓ అచ్చుకాగితం నిలబెట్టి, నీళ్ళలోంచి అక్షరాలు చదువుతుంది. ఒకటో నంబరు నీళ్ళలోంచి గడగడా చదివేస్తుంది. రెండో నంబరు దగ్గరికొచ్చేసరికి కళ్ళు చిట్లిస్తుంది. చీపురు పట్టదు, బ్రష్షు పట్టదు, గోడకి చేరగిలబడి పక్షులతో కబుర్లు చెబుతూ కూర్చుంటుంది చిన్నది. దాని నీళ్ళు తేట! చేతులు కొట్టుకుపోయేలా కడిగేది తను. తన నీళ్ళు మసక! ఇదెక్కడి న్యాయం?

ఇవాళ్టి సీసాలు మామూలు సీసాలు కావు. అవతల కొత్త యంత్రాలు లేచాయి. వచ్చే నెల నుంచి రెండు తొట్లలో ఒకటే నడుస్తుందట. ఏది నడవాలో ఇవాళ మధ్యాహ్నం నీళ్ళు చూసి రాస్తానంది మేడమ్. ఆగిపోయిన తొట్టి మనిషి జల్లెడ గదికి వెళ్ళాలి. ఊరంతా వదిలిన గుడ్డపేలికలు, ప్లాస్టిక్ సంచులు కొక్కెంతో లాగి గుట్టపెట్టే గది అది. పెద్దకోడలికి ఇంకో ఏడాది ఉద్యోగం ఉంది. ఆ ఏడాది పనికి భయం లేదు. అక్కడ తను చెత్త లాగుతుంటే ఇక్కడ అది గోడకి ఆనుకుని పాటలు పాడుకుంటుందే, ఆ ఊహకే ఒళ్ళు మండిపోతోంది. జీవితంలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, దాని సీసా పక్కన తన సీసా తేటగా నిలబడాలి.

నల్లరాళ్ళు నాలుగింటినీ బ్రష్షుతో తోమి, పురుగుని కాలవలోకి విదిలించింది.

"అక్కా!"

చిన్నకోడలు గోడ పట్టుకుని నిలబడి ఉంది. భారీ మనిషి, కళ్ళకింద నీలం, జుట్టు సగం ఊడి భుజం మీద పడింది. మోచేతుల దాకా ఆకుపచ్చ మరకలు. రెండు మెట్లెక్కేసరికి ఛాతీ ఎగసిపడుతోంది. కొన్ని నెలలుగా ఇదే ఆయాసం.

"ఇప్పుడా రావడం? తొమ్మిదిన్నరైంది" అంది పెద్దకోడలు గొట్టం ఆపకుండానే.

"ఎప్పుడో వచ్చాలే. అక్కా, ఇవాళ నాకో సాయం చెయ్యాలి. మీ మరిది బండి తెచ్చాడు. ఆస్పత్రికి రమ్మన్నారు, గుండెకి ఏదో ఫొటో తియ్యాలంట. నాలుగింటికల్లా వచ్చేస్తా. నా తొట్టి కూడా కాస్త చూస్తావా?"

"ఏం చెయ్యాలేంటి?"

"ఏం చెయ్యొద్దక్కా. ఊరికే చూస్తూ ఉండు. పైపు ఆగితే ఓ తోపు తొయ్యి, అంతే. రాళ్ళు బాగా పండాయి, వాటి పని అవే చూసుకుంటాయి."

పండాయట! పెద్దకోడలి చెయ్యి బిగుసుకుంది. ఈ మాట అది మేడమ్ దగ్గర నేర్చింది. పాకుడు పట్టి నల్లబడ్డ రాయిని 'పండిన రాయి' అంటుంది. మొదటిసారి విన్నప్పుడు, "రాయి పండటమేంటే, నీ బుర్ర పండినట్టు!" అని నవ్వేసింది పెద్దకోడలు. ఇంటికెళ్ళాక నవ్వు రాలేదు. కడుపు పండలేదు, కడుపు పండలేదు అని ఆ ఇంట్లో అత్తగారి నుంచి వచ్చేపోయే చుట్టాల దాకా అందరి నోటా విని విని ఉన్న మనిషి. ఆ మాటే తెచ్చి రాళ్ళకి పెట్టి, తన మొహం మీద అంటుంది ఇది. రాళ్ళు కూడా పండుతాయట దాని చేతిలో.

"సరే, వెళ్ళు" అంది.

"ఇంకోటక్కా..." అని చిన్నకోడలు రెండో తొట్టి మెట్లవైపు చూసింది. గేటు దగ్గర మరిది హారన్ కొట్టాడు. చిన్నదానికి దగ్గొచ్చింది. దగ్గు తెరిపిచ్చాక చెయ్యి ఊపింది. "సర్లే, వచ్చాక చెప్తా."

వెళ్తూ వెళ్తూ తన తొట్టి గోడ మీద ఓసారి అరచెయ్యి ఆనించింది. పిల్లల నుదురు చూసినట్టు చూసింది. చూశారా ఆ ముద్దులు, అనుకుంది పెద్దకోడలు.

బండి చప్పుడు దూరమయ్యాక ఒకటో తొట్టి మెట్లెక్కింది. ఇరవై రెండేళ్ళలో పైదాకా ఎక్కడం ఇదే మొదలు. కొంగలు రెండు లేచి అవతలి గోడ మీద వాలాయి. తొట్టి పైభాగం ఒక్క రాయి కూడా రాయిలా లేదు. ఎండ తగిలే చోట పచ్చటి పాచి, నీడపడే చోట బూడిదరంగు జిగురు, సందుల్లో ఎర్ర పురుగులు, వాటి మధ్య మిరియపు గింజంత నత్తలు. కాలు పెట్టిన చోటల్లా చిన్న ఈగలు పొగలా లేస్తున్నాయి. వాటిని ముక్కుతో పట్టుకుంటూ తోకాడించే పిట్టలు ఆవిడ పాదాల చుట్టూ భయం లేకుండా గెంతుతున్నాయి. పైపు తిరిగొచ్చినప్పుడు ఆ జిగురంతా తడిసి, నీళ్ళని చప్పుడు లేకుండా పీల్చుకుంటోంది. వాసన చూసింది. కంపు కొట్టలేదు. వాన వెలిసిన నేల వాసన.

అదే ఆవిడకి సహించలేదు. కంపు కొట్టుంటే ఊరుకునేదేమో.

ఇంత మురికి! ఈ మురికి చేతిలోనా నేను ఓడిపోయింది? నా తొట్లో ఒక్క పిట్టన్నా వాలదు. దీనికి పురుగులూ చుట్టాలే, ఈగలూ చుట్టాలే. మనుషులూ అంతే. అత్తగారు ఆఖరి రోజుల్లో, అద్దంలా ఉండే నా గదిలో ఉండనని, పిల్లల మూత్రం వాసన కొట్టే దీని గదికే పోయింది. ఏముంది దీని దగ్గర? ఏముంది?

మెట్లు దిగి వెళ్ళి ఆఖరి తొట్టి పక్క గదిలోంచి బ్లీచింగ్ బస్తా ఈడ్చుకొచ్చింది. గుప్పెళ్ళు కాదు, ఈసారి బస్తాయే. చేటలోకి వంచుకుని, పైపుల వెనకే నడుస్తూ, తొట్టి చుట్టూ చల్లింది. తర్వాత గొట్టం పట్టింది. "శుభ్రం చేస్తున్నా" అని పైకే అంది, వినడానికి అక్కడ కొంగలు తప్ప ఎవరూ లేకపోయినా. శుభ్రానికేనని ఆవిడ అనుకుంది. కానీ ఇంట్లో నేల కడిగేటప్పుడు ఎప్పుడూ అలా పైకి చెప్పుకోదు.

జిగురు పొరలు పొరలుగా లేచింది. పురుగులు పైకొచ్చి, మెలికలు తిరిగి, తెల్లబడి ఆగిపోయాయి. కాలవలోకి బూడిదరంగు ముద్దలు కొట్టుకొచ్చాయి. పిట్టలు ఓసారి వాలి, వెంటనే లేచి, మళ్ళీ వాలలేదు. కళ్ళు మండుతున్నా, పన్నెండయినా, తిండికి కూడా వెళ్ళకుండా కడిగింది. ఒంటిగంటకి రాళ్ళు రాళ్ళయ్యాయి. ముప్ఫై ఏళ్ళ కడుపుమంట మీద ఎవరో చెంబుడు నీళ్ళు పోసినట్టనిపించింది. ఎంత హాయో! ఆ హాయి దాచుకోలేక రెండు తొట్ల మధ్య అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది.

మూడున్నరకి కెమిస్టు మేడమ్ సీసాలు కిటికీ గట్టు మీద పెట్టింది. పొట్టి మనిషి, కళ్ళజోడు తాడుకి వేలాడుతుంది. అచ్చుకాగితం పెట్టి చూసింది. సీసాలు అటుదిటు మార్చి చూసింది. చీటీల మీద నంబర్లు చూసింది.

"ఇదేంటి? రెండో నంబరు మామూలుగానే ఉంది. ఒకటో నంబరు ఇలా వచ్చిందేం?"

ఒకటో నంబరు సీసాలో నీళ్ళు సబ్బు కలిసిన నీళ్ళలా ఉన్నాయి. పక్కన తన సీసా. దాని పక్కన నిలబడ్డందుకు తేటగా, ఎంత తేటగా కనిపిస్తోందో! పెద్దకోడలు గట్టు దగ్గరికెళ్ళి వంగి చూసుకుంది. గెలిచింది. ఆ సంతోషం గట్టిగా ఒక నిమిషం ఉంది.

ఆ నిమిషంలో మేడమ్ బయటికెళ్ళి ఒకటో తొట్టి మెట్లెక్కి వచ్చేసింది. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని ఉంది.

"ఎవరు చేశారు ఈ పని?"

"నేనే కడిగాను. మురికి పట్టిందని."

"మురికా? అమ్మా, నీళ్ళు శుభ్రం చేసేది రాయనుకున్నారా? రాయి ఉత్త పీట. దాని మీద కాపురముండే ఆ జిగురే మురుగు తింటుంది. కంటికి కనబడని ప్రాణులు కోట్లు. జిగురు మరీ పెరిగిపోకుండా పురుగులు తింటాయి, పురుగుల్ని పిట్టలు తింటాయి. రాయి లేకపోతే వాటికి చోటు లేదు. అవి లేకపోతే రాయి ఎందుకూ పనికిరాదు. ఆ రాయి పండటానికి నెలలు పడుతుంది. మీరు ఒక్క పూటలో..."

"మరి నా తొట్టి?" పెద్దకోడలి గొంతు లేచింది. "ఇరవై రెండేళ్ళు కడిగానే! నా తొట్టీ నీళ్ళు శుద్ధి చేసింది కదా? మసకో గిసకో, చేసింది కదా?"

మేడమ్ కళ్ళజోడు తీసేసింది. చెప్పనా వద్దా అన్నట్టు కాసేపు దాన్ని తుడిచింది.

"మీ తోటికోడలు చేయించింది. మీరు తిండికెళ్ళగానే తన తొట్లోంచి పండిన రాళ్ళు బకెట్లో మోసుకెళ్ళి మీ తొట్లో వేసేది. పైన వేస్తే మీరు కడిగేస్తారని మోచేతుల దాకా దించి కిందికి దూర్చేది. నేను చూసి అడిగాను. 'మా అక్కతో అనకండి మేడమ్, శుభ్రమంటే ఆవిడకి ప్రాణం, తెలిస్తే చిన్నబుచ్చుకుంటుంది' అంది. ఆ రాళ్ళే లేకపోతే మీ తొట్టి ఎప్పుడో ఆపేసేవాళ్ళం. మిమ్మల్ని ఎప్పుడో జల్లెడ గదికి పంపేవాళ్ళం."

నాలుగు నల్లరాళ్ళు. వారం వారం నాలుగు. పెద్దకోడలికి గుర్తొచ్చింది. ఒకసారి తను గట్టిగానే అడిగింది, "నా తొట్లో చెత్తరాళ్ళు నువ్వేగా వేస్తున్నావ్?" అని. అది మొహం పక్కకి తిప్పుకుని, "రాళ్ళేంటక్కా, ఏ రాయైనా రాయేగా" అని నవ్వేసింది. ఆ నవ్వుకి రెండు నెలలు మాటలు మానేసింది తను.

టేబుల్ మీద ఫోన్ మోగింది. మేడమ్ ఎత్తి, విని, పెద్దకోడలి చేతికిచ్చింది.

"వదినా" అన్నాడు మరిది. గొంతు అతనిదిలా లేదు. "పోయింది వదినా. ఫొటో గది బయట బల్ల మీద కూర్చున్నాం. కాసేపు తల వాలుస్తానంది. నా భుజం మీదే. పేరు పిలిస్తే లేపాను. లేవలేదు."

ఆవిడ ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది.

"దారంతా ఒకటే మాట వదినా. బకెట్ సంగతి అక్కకి చెప్పలేదు, మెట్ల కింద పెట్టాను, గోనె ఆరిపోతుందేమో అని. అదేం బకెట్టో నాకు తెలీదు. నువ్వొకసారి రా వదినా. పిల్లలు నీ కోసమే అడుగుతున్నారు."

"వస్తున్నా" అంది. ఫోన్ పెట్టేసి చాలాసేపు దాని మీద చెయ్యి తియ్యలేదు. పక్కన గట్టు మీద సీసాలు రెండూ అలాగే ఉన్నాయి. తనది చాలా తేటగా ఉంది.

"మేడమ్, నా తొట్టి ఆపెయ్యండి" అంది. "ఒకటో నంబరే నడపండి. నేనే చూసుకుంటాను."

"అదిప్పుడు చచ్చిపోయిన తొట్టి అమ్మా. మళ్ళీ పండాలంటే..."

"ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. నేను కడగను. కడగను మేడమ్. ఊరికే చూస్తూ ఉంటాను."

రెండో తొట్టి మెట్ల కింద, చల్లటి నీడలో, ఉంది బకెట్టు. ఇరవై రెండేళ్ళు ఆ మెట్లెక్కీ దిగీ ఎప్పుడూ వంగి చూడలేదు. పైన కప్పిన గోనె అంచులు అప్పుడే ఎండి బిరుసెక్కాయి. తీసింది. నిండా నల్లరాళ్ళు. తెల్లారి ఎప్పుడొచ్చి ఏరిందో, ఆ ఆయాసంతో ఎలా మోసిందో. ఒక రాయిని చేతిలోకి తీసుకుంది. జిగురు వేళ్ళకి అంటుకుంది, కింద పురుగు కదిలింది. బట్టలకి తుడుచుకోలేదు. ఇన్నేళ్ళూ కుళ్ళుకున్నది దీన్ని చూసే. దీన్నే చిన్నది తనకోసం పెట్టి ఉంచింది. మెట్టు మీద కూలబడి, రాయిని పొట్టకి అదుముకుని ఏడ్చింది, ఆయన పోయిన రోజున కూడా అలా ఏడవలేదు.

గేటు దగ్గర ఎవరో ఆటో ఆగిందని కేకేశారు. లేచింది. బకెట్టు రెండు చేతులా ఎత్తి, రెండుచోట్ల ఆగి, ఒకటో తొట్టి గోడ పక్కకి చేర్చింది. బ్లీచింగ్ పూర్తిగా పోయేదాకా లోపల వెయ్యకూడదని మేడమ్ చెప్పింది. కుళాయి కింద గోనె తడిపి, పిండకుండా అలాగే కప్పింది. చేతులు కడుక్కోకుండా ఆటో వైపు నడిచింది.

గోడ నీడలో బకెట్టు ఉంది. గోనె అంచు నుంచి నీటిచుక్కలు ఒక్కొక్కటే నేల మీద పడుతున్నాయి, మిరియపు గింజంత నత్త ఒకటి తడి పట్టుకుని పైకెక్కుతోంది.